కిలోల లెక్కన అమ్మే ముందు ఆ సైకిళ్లను ఒకసారి చూడండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇటీవల మీ జిల్లా పేజీలో ఒక వేలం ప్రకటన చదివాను. ఒక కార్యాలయం ఆవరణలో ఏళ్ల తరబడి పడి ఉన్న సామగ్రిని, అంటే విరిగిన బల్లలను, సొట్టలు పడిన బీరువాలను, తుప్పుపట్టిన ఫ్యాన్లను, వాటితోపాటు ‘పాత సైకిళ్లు’ అని ఒకే మాటలో ముగించేసిన వాటిని కలిపి, ఒకే గుట్టగా, కిలోల లెక్కన అమ్ముతామన్నది ఆ ప్రకటన సారాంశం. నేను రోజూ బడికి వెళ్లే దారిలోనే ఆ ఆవరణ ఉంది. ప్రహరీ గోడ పక్కన తిప్పతీగ అల్లుకుపోయిన ఆ సైకిళ్లలో కనీసం మూడు, 1990లలో మనమందరం రేంజర్ సైకిళ్లని పిలుచుకున్న లావు టైర్ల బండ్లేనని గోడ మీదుగా చూసి గుర్తుపట్టాను. ఈ ఉత్తరం వాటి గురించే.

ముందుగా నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను విజయనగరం దగ్గర ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం బోధిస్తాను. పదేళ్లకు పైగా సెలవు రోజుల్లో పాత మౌంటెన్ సైకిళ్లను, అంటే కొండదారుల కోసమని పేరుపడ్డ ఇలాంటి లావు టైర్ల బండ్లను, వెతికి తెచ్చి బాగు చేసుకోవడం నాకు అలవాటైంది. ‘మౌంటెన్ బైకు’ అనాలని ఉంటుంది గానీ, మన ఊళ్లో బైకు అంటే పెట్రోలు తాగేదే కనుక సైకిలు అనే రాస్తున్నాను. ప్రస్తుతం మా ఇంట్లో ఇలాంటివి ఏడు ఉన్నాయి. ఇంట్లో మనుషుల కంటే చక్రాలే ఎక్కువయ్యాయని మా ఇంటావిడ చేసే ఫిర్యాదులో లెక్క తప్పేమీ లేదు.

నా చిన్నతనంలో విజయనగరం సైకిళ్ల ఊరు. నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు మారే వేళకు ఆ రోడ్డంతా నల్లటి పెద్ద సైకిళ్లు బారులు తీరేవి. ప్రతి హ్యాండిలుకూ ఒక క్యారేజీ వేలాడేది. మా తరం పిల్లలు గంటకు ఇంతని అద్దెకు తెచ్చుకుని, సీటు అందక ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి తొక్కి, మోకాళ్లు పగలగొట్టుకుని నేర్చుకున్నది ఆ 28 అంగుళాల బండ్ల మీదే. అలాంటి ఊళ్లోకి ఎర్రటి, పసుపుపచ్చని, నీలిరంగు ఫ్రేములతో, గరుకు టైర్లతో, కర్రలాంటి సాపు హ్యాండిలుతో, మడ్‌గార్డు కూడా లేకుండా ఈ కొత్త సైకిళ్లు దిగినప్పుడు మాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వెళ్లే దారిలో ఒక షాపు అద్దం వెనుక నిలబెట్టిన హెర్క్యులిస్ ఎం.టి.బి. అనే మౌంటెన్ సైకిలును చూడడానికే నేను ట్యూషన్‌కు చుట్టుదారిలో వెళ్లేవాణ్ణి. పదో తరగతి పాసైనందుకు మా నాన్నగారు తమ నెల జీతంలో సగానికి పైగా పెట్టి దాన్నే కొని ఇచ్చారు.

జ్ఞాపకం తియ్యగా ఉంటుందని నిజాన్ని దాచనక్కరలేదు. మన మార్కెట్లో అప్పట్లో అమ్ముడైన ఈ సైకిళ్లలో చాలావాటికి కొండలతో సంబంధం పేరులోనే ఉండేది. గేర్లుండేవి కావు, ఉన్నవాటిలో అవి సరిగ్గా పడేవి కావు, బరువు మాత్రం పెద్ద సైకిలుకు ఏమీ తీసిపోయేది కాదు. 1994 వర్షాకాలం చివర్లో మేము నలుగురు స్నేహితులం తెల్లవారుజామున బయల్దేరి శృంగవరపుకోట మీదుగా బొడ్డవర చేరి, అక్కడి నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాము. ఎక్కామనడం కంటే తోసుకుంటూ నడిచామనడమే న్యాయం. టైడా దాకా వెళ్లి వెనక్కి తిరిగిన తరువాత జల్లు మొదలైంది. క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు దాన్ని పట్టుకోదన్న సంగతి నాకు పాఠ్యపుస్తకం కంటే ముందు ఆ మలుపుల్లో తెలిసింది. చివరకు చెప్పు అరికాలు వెనుక టైరుకు ఆనించి, వాసన వచ్చేదాకా రాపిడి పెట్టి దిగాము. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్ల తరువాత ఈ సైకిళ్ల పుట్టుక గురించి చదివినప్పుడు, మా కంటే ముందు మరికొందరు ఇదే పాట్లు పడ్డారని తెలిసి నవ్వుకున్నాను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మరిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర ఒక మట్టి దారి ఉంది. మూడున్నర కిలోమీటర్ల లోపే దాదాపు 400 మీటర్లు కిందికి దిగుతుంది. 1970లలో అక్కడి కుర్రవాళ్లు ఆ దారిలో సైకిళ్లమీద పందెం వేసుకునేవారు. ఆ పందెం క్రమపద్ధతిలో మొదలైంది 1976 అక్టోబరు 21న. వాళ్లు తొక్కినవి కొత్త సైకిళ్లు కావు. 1930లు, 40లలో ష్విన్ వంటి కంపెనీలు పిల్లల కోసం చేసిన, లావు టైర్ల, ఒకే గేరు బండ్లు. పాత సామాన్ల కొట్లలో, పెరళ్లలో పడి ఉన్నవాటిని కొద్ది డబ్బుకు తెచ్చి, అనవసరమైన రేకులన్నీ ఊడబెరికి, బాగు చేసుకున్నవి. వాటి బ్రేకు వెనుక చక్రపు హబ్బులోనే, అంటే చక్రం నడిమి భాగంలోనే ఉండేది. పెడలు వెనక్కి తొక్కితే పడేది. కిందికి దిగేసరికి ఆ వేడికి హబ్బులోని గ్రీజు పొగలై పోయేది. మళ్లీ గ్రీజు కూరితే గానీ బండి కదిలేది కాదు. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని, అంటే మళ్లీ కూరడమని పేరు పడింది. ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో ఇటువంటి దారుల కోసమే ప్రత్యేకంగా ఒక ఫ్రేము చేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ చేసిన ఫ్రేములతో ‘మౌంటెన్‌బైక్స్’ అన్న పేరుతో వ్యాపారం ప్రారంభించారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్ అనే మోడలుతో ఈ సైకిలు కర్మాగారాల సరుకైంది.

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, మౌంటెన్ సైకిలు పుట్టిందే పాత ఇనుము గుట్టలోంచి. ఎవరో పారేసిన సైకిలును మరెవరో తెచ్చి బాగు చేయకపోతే ఆ జాతే ఉండేది కాదు. జో బ్రీజ్ చేసిన ఆ తొలి బండి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని సంతతిని మనం తక్కెడలో వేస్తున్నాము.

మన దేశంలో సైకిలు తయారీ చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. పేర్లతో సైకిళ్లు చేసిన టి.ఐ. సంస్థ 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మొదలైంది. లూధియానాలోని హీరో కంపెనీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్లు తయారు చేసిందని 1986లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మా పెద్దల కాలంలో ఇంటింటి పేరుగా ఉన్న అట్లాస్ కంపెనీ తన సాహిబాబాద్ కర్మాగారాన్ని 2020 జూన్ 3న ఆపివేసింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం కాకతాళీయమే అయినా, ఆ వార్త చదివిన పూట నాకు అన్నం సహించలేదు.

నా ఎర్ర హెర్క్యులిస్ ఏమైందని మీరు అడగవచ్చు. నాకు ఉద్యోగం వచ్చి, స్కూటరు కొని, వేరే ఊళ్లో ఉన్న రోజుల్లో, ‘పాత ఇనప సామాన్లకు ఉల్లిపాయలు’ అంటూ వీధిలో కేకవేసిన బండివాడికి మా అమ్మ దాన్ని ఇచ్చేసింది. అమ్మను తప్పుపట్టడానికి లేదు; నాలుగేళ్లుగా అది గాలి లేకుండా పెరట్లో బట్టలారేసుకునే దండెంగా పనిచేస్తున్నది. సెలవులకు వచ్చినప్పుడు ఆ ఉల్లిపాయలతో వేసిన పకోడీలను నేను కూడా ఆనందంగా తిన్నాను. అవి దేనికి బదులు వచ్చాయో తరువాత తెలిసింది.

మళ్లీ ఈ దారిలోకి నన్ను తెచ్చింది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న ఆ తుపాను తీరం దాటిన తరువాత రోజుల పాటు కరెంటు లేదు. పెట్రోలు బంకుల ముందు వరుసలు వీధి చివరి దాకా సాగాయి. మా పక్కింటి వారి షెడ్డు మీద వేపచెట్టు పడి రేకులన్నీ కూలిపోతే, వాటిని తీయడానికి సాయం వెళ్లాను. రేకుల కింద, కొబ్బరి మట్టల మధ్య, ఒక నీలిరంగు రేంజర్ పడి ఉంది. వారి అబ్బాయి హైదరాబాదు వెళ్లిన నాటి నుంచి దాన్ని ముట్టుకున్నవారు లేరు. తీసుకుపొమ్మన్నారు. దాన్ని భుజాన వేసుకుని దాసన్నపేట వైపు ఉన్న ఒక సైకిలు మేస్త్రి దగ్గరకు వెళ్లాను. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఆయన ఫ్రేమును గోటితో మీటి, ఆ మోత విని, “ఇది ఒంగుతాది గానీ ఇరగదు మేస్టారూ, భయం లేదు” అన్నారు. ఆ మోతలో ఏముందో నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న పని ఓవర్‌హాలింగ్. మన షాపుల్లో దాన్ని ఓవరాయిలింగ్ అంటారు, ఆ మాటే దానికి బాగా నప్పుతుంది. సైకిలును పూర్తిగా విప్పి, బేరింగుల్లోని ప్రతి ఉక్కు గుండునూ కిరసనాయిలులో కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ కట్టడం. పెడళ్ల ఇరుసులో ఒక్కో వైపు పావు అంగుళం గుండ్లు పదకొండు ఉంటాయి. ఒకటి తగ్గినా తొక్కేటప్పుడు కాలికి తెలుస్తుంది. ఎడమ పెడలుకూ, కుడివైపు ఇరుసు కప్పుకూ మర తిరగేసి ఉంటుంది. ఈ సంగతి తెలియక బలం ప్రయోగించి మరలు చెడగొట్టినవారు ఎందరో. నేనూ ఒకటి చెడగొట్టాను. పెడలు కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నును సుత్తితో కొట్టి తీసేటప్పుడు కింద గట్టి ఆధారం పెట్టకపోతే గుండ్ల దారి మీద గుంటలు పడతాయి. ఆ నీలి సైకిలులో సీటు గొట్టం ఫ్రేముతో తుప్పుపట్టి ఒకటైపోయింది. రోజూ ఉదయం కిరసనాయిలు పోస్తూ, సాయంత్రం కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటే ఎనిమిదో రోజున కిర్రుమని కదిలింది. ఆ శబ్దం విన్నప్పుడు కలిగిన సంతోషాన్ని ఇంట్లో ఎవరూ పంచుకోలేదు.

తుప్పు విషయంలో మాత్రం నా చదువు కొంత పనికివచ్చింది. కొట్లలో దొరికే నిమ్మ ఉప్పును లీటరు నీటికి యాభై గ్రాముల చొప్పున కలిపి, నట్లు, బోల్టులు, చైను పళ్లచక్రం వంటి ఉక్కు భాగాలను రాత్రంతా నానబెడితే తుప్పు కరిగి, కింది లోహం బయటపడుతుంది. తరువాత వంటసోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. లేకపోతే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. క్రోమియం పూత మీది పైపై తుప్పుకు ఉప్పుకాగితం వాడకూడదు, పూత పోతుంది. అన్నం పొట్లాలు కట్టే అల్యూమినియం రేకును ఉండచేసి, నీళ్లు తడిపి రుద్దితే చాలు. భోగాపురం, ముక్కాం, చింతపల్లి వంటి తీర గ్రామాల నుంచి వచ్చిన సైకిళ్లకు ఉప్పుగాలి వల్ల రిమ్ములు, పుల్లలు (స్పోకులు) ముందే పోతాయి; సాలూరు వైపు నుంచి తెచ్చిన దానికి ముప్పై ఏళ్ల నాటి పుల్లలు ఇంకా మెరుస్తున్నాయి.

ఇక టైర్ల సంగతి. కొత్తగా ఈ పనికి పూనుకునేవారు నాలాగా డబ్బు పారేసుకోకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను. 26 అంగుళాల టైరు కావాలని విశాఖపట్నంలో ఒక షాపులో అడిగితే, కాగితం చుట్టి రెండు ఇచ్చారు. ఇంటికి తెచ్చి వేస్తే రిమ్ము మీద వదులుగా, చిన్నపిల్లాడికి నాన్న చొక్కా వేసినట్టు వేలాడాయి. అవి 26 × 1⅜ టైర్లు. వాటి లోపలి అంచు వ్యాసం 590 మిల్లీమీటర్లు. మౌంటెన్ సైకిలుకు కావలసినది 559. రెండింటి మీదా 26 అనే ఉంటుంది, ఒకటి మరొకదానికి పట్టదు. టైరు పక్కన చిన్న అక్షరాలతో ముద్రించిన 54-559 వంటి సంఖ్యను చూసి కొనాలి. షాపువారు వాపసు తీసుకోలేదు. ఆ రెండూ ఇప్పుడు మా పెరట్లో అరటిపిలకలకు పాదులుగా ఉన్నాయి. ఈ 559 కొలత ఎక్కడిదని వెతికితే, 1933లో ష్విన్ కంపెనీ అమెరికాలో ప్రవేశపెట్టిన లావు టైరుదని తేలింది. మరిన్ కుర్రవాళ్లు తెచ్చుకున్న పాత బండ్లకు ఆ కొలత ఉన్నందువల్లే ప్రపంచంలోని మౌంటెన్ సైకిళ్లన్నింటికీ దశాబ్దాలపాటు అదే కొలత స్థిరపడింది. ఈమధ్య కంపెనీలు 584, 622 కొలతలకు, అంటే 27.5, 29 అంగుళాల చక్రాలకు మారిపోయాయి. పాత కొలతలో చవక టైర్లు ఇంకా దొరుకుతున్నాయి గానీ, మంచి రిమ్ములు, హబ్బులు, బ్రేకులు ఏటికేడు తగ్గిపోతున్నాయి. కాబట్టి తుక్కులోకి వెళ్లే ప్రతి పాత సైకిలూ మరో రెండు సైకిళ్లను బతికించగల విడిభాగాలతో సహా పోతున్నది.

గేర్లున్న పాతవాటి గురించి ఒక్క మాట. వాటి గేరు మీట బొటనవేలి దగ్గర ఉంటుంది. ఇప్పటివాటిలాగా టక్కుమని పడదు. కొద్దికొద్దిగా జరుపుతూ, చైను రొద తగ్గిందా లేదా అని చెవితో వినాలి. మా పాఠశాల పిల్లలకు ఒకసారి ఇచ్చి చూస్తే, మొదట విసుక్కున్నారు. అరగంట తరువాత దిగమన్నా దిగలేదు.

బాగు చేయడమంటే కొత్తగా కనబడేలా చేయడమని నేను అనుకోను. ఉన్న రంగు వెలిసినా, స్టిక్కరు సగం చిరిగినా వాటిని అలాగే ఉంచి, తిరగవలసినవన్నీ సాఫీగా తిరిగేలా, ఆగవలసిన చోట ఆగేలా చేస్తే చాలు. పాత సైకిలుకు గులాబీరంగు కొట్టించి, హోటలు గోడకు వేలాడదీసి, బుట్టలో పూలకుండీ పెట్టే అలంకారం ఈమధ్య జాతీయ రహదారి పక్కన చాలా చోట్ల కనబడుతోంది. తుక్కువాడు కరిగించి మరో వస్తువు చేస్తాడు; అందులో కనీసం ఒక ప్రయోజనం ఉంది. గోడకు వేలాడేదాని వల్ల ఆ ప్రయోజనమూ లేదు.

అన్ని పాత సైకిళ్లనూ కాపాడాలని నేను కోరడం లేదు. ఫ్రేము గొట్టాలను లోపలి నుంచి తుప్పు తినేసినవి, ముందు ఫోర్కు వంగి పగులు పట్టినవి తుక్కుకే వెళ్లాలి; వాటిని తొక్కడం ప్రమాదం. కానీ ఉక్కు ఫ్రేముకు అతుకు ఊడితే మన వీధి చివరి గ్యాస్ వెల్డింగు షాపులోనే ఇత్తడితో అతికించవచ్చు. ఇప్పుడు వస్తున్న అల్యూమినియం ఫ్రేములకు ఆ సౌలభ్యం లేదు. బాగుపడేది ఏదో, పడనిది ఏదో చెప్పడానికి ఒక సైకిలు మేస్త్రికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు కూడా ఇవ్వకుండా బీరువాలతో కలిపి తూకం వేయడమే నా అభ్యంతరం.

అందుచేత మీ పత్రిక ద్వారా అధికారులకు నా విన్నపం ఇది. పోలీసు స్టేషన్లు, రైల్వే స్టాండ్లు, కళాశాలలు, కార్యాలయాల ఆవరణల్లో ఎవరూ అడగని సైకిళ్లను వేలం వేసేటప్పుడు వాటిని ఇనుము గుట్ట నుంచి వేరు చేసి, ఒక్కొక్కటిగా అమ్మండి. వేలానికి ముందు ఒక రోజు చూడనివ్వండి. కిలోల ధర కంటే ఖజానాకు తప్పకుండా ఎక్కువే వస్తుంది. జిల్లాలోని ఐ.టి.ఐ.లలో ఫిట్టరు విద్యార్థులకు అలాంటివి కొన్ని అప్పగిస్తే, మర, బేరింగు, అటూ ఇటూ ఊగకుండా నేరుగా తిరిగే చక్రం అంటే ఏమిటో వారి చేతికే తెలుస్తుంది. మా దాసన్నపేట మేస్త్రి వంటివారు నేర్పడానికి ఇంకా ఓపికతో ఉన్నారు, వారి పిల్లలు మాత్రం ఈ పనిలో లేరు. అపార్టుమెంట్ల సెల్లారుల్లో దుమ్ముకొట్టుకుపోతున్న సైకిళ్ల యజమానులకు కూడా నాది ఇదే మనవి: అమ్మదలచుకుంటే అమ్మండి, కానీ ముందు సైకిలు షాపుకు చూపించండి.

నేను ఆ కార్యాలయానికి రెండుసార్లు వెళ్లి అడిగాను. విడిగా ఇచ్చే వీలు లేదని, గుట్ట మొత్తం కొనుక్కోవచ్చని మర్యాదగానే చెప్పారు. విరిగిన బల్లలతో, బీరువాలతో నేనేం చేసుకోను? వేలం వచ్చే వారమే. ఈలోగా నిబంధన ఏ మాత్రం సడలినా, ఆ మూడు సైకిళ్లకూ ఇనుము ధరకు రెట్టింపు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. తీసుకువెళ్లడానికి రిక్షా నేనే తెచ్చుకుంటాను. తిప్పతీగ కూడా నేనే కోసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
కంటోన్మెంట్, విజయనగరం